గంజి వంచిన పాస్తా

"బొక్కలేవే?" అని సత్తమ్మ బిడ్డను మూడోసారి అడిగింది.

నవీన ఉల్లిగడ్డ కోస్తోంది. తల ఎత్తలేదు.

"నిన్నే. కోడి తెస్తనని పోయినవ్. తొడ లేదు, రెక్క లేదు, మెడ లేదు. పోరగాండ్లు ఆడుకునే గోటీల లెక్క గీ ముక్కలేంది? బొక్కలు యాడ వోయినయ్?"

"దుకాణంలనే ఇడిసిపెట్టిన. గీ వంటకు బొక్కలు పనికిరావవ్వా."

"అల్లుడొస్తుండు."

"రానీ."

"ఆయిన పళ్లెంల ఏమెయ్యాలె? నా తలకాయ వెయ్యాల్నా?"

"పాస్తా వెయ్యాలె," అంది నవీన.

ఆ వాడలో కోడికి ఒక లెక్క ఉంది. తొడ అల్లుడిది. కార్జం ఇంటి పెద్దది. మెడ వండిన మనిషిది. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ మరిచిపోలేదు. పక్కింటి శంకరవ్వ ఒకసారి కొత్త అల్లుడికి తొడ బదులు రెక్క వేసింది. ఆ అల్లుడి కొడుకు ఇప్పుడు కాలేజీకి పోతున్నాడు. రెక్క మాట ఇంకా పోలేదు.

ఇప్పుడు ముక్కలన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి. ఏది ఎవరిదో సత్తమ్మకు తెలియలేదు. ముక్కల గిన్నె పక్కకు నెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"గదే వంట వండి గాడ కాపురం మీదికి తెచ్చుకుంటివి. ఇరవై రెండు దినాలాయె. మళ్ల గదే వండుతనంటవ్."

"గదే వండుత."

"వేరే ఏం దొరకలేదా నీకు?"

"దొరికినయ్. నాకు గిదే కావాలె."

అత్తగారి ఊరు ఇచ్చోడలో ఆ రోజు కూడా ఇలాగే సాయంత్రం పూట వండింది నవీన. పొయ్యి మీద కోడి, అందులో మీగడ. అత్త జానకీబాయి వచ్చి మూత తీసి చూసింది. పాలల్ల నీసు కలిపే ఇల్లు కాదు మాది అంది. గిన్నెను గుడ్డతో పట్టుకుని పెరట్లోకి పోయి బోర్లించింది. మొగుడు అరుణ్‌కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. వద్దనలేదు. సరే అనలేదు. ఫోన్ తీసి చూసుకున్నాడు. పారబోసింది అత్తే అయినా, నవీన తెల్లారి బస్సెక్కింది మొగుడి మీది కోపంతో.

"ఇగో అవ్వా, పొద్దుగాల చెప్పిన మాటనే మళ్ల చెప్తున్న," అంది నవీన. "ఆయిన గిది తింటె రేపు ఆయినెంబడి పోత. మారు మాటాడ. తినకుంటె ఈడనే ఉంట. మళ్ల నన్ను పొమ్మని ఎవలూ అడగద్దు."

"గిదేం జిద్దే, తల్లీ?"

"జిద్దే అనుకో."

"మరి గా ముచ్చట ఆయినకు ముంగట్నే చెప్తె అయిపాయె గదా. కండ్లు మూసుకోని తింటడు."

"అందుకే చెప్పద్దు. చెప్తె మీ మొకం చూసి తింటడు. నువ్వు చెప్పినవో, తిన్నా గూడ నేను పోను."

సత్తమ్మ చేతులు రెండూ నెత్తిన పెట్టుకుంది. ఆమెకు ఇంట్లో ఒక మొగుడున్నాడు, మాట్లాడడు. ఒక బిడ్డ ఉంది, ఆగదు. మధ్యలో ఈ పళ్లెం సంగతి.

సత్తమ్మ మొగుడు అంబదాస్ అప్పుడే సాంచెల కాడి నుంచి, మరమగ్గాల పని దిగి వచ్చాడు. కనుబొమ్మల మీద దూది నూగు ఉంది. కాళ్లు కడుక్కున్నాడు. సిరిసిల్లలో ఆ వాడలో సాంచెల చప్పుడు ఆగదు, ఇంట్లో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. అంబదాస్ పెంచడు. అందుకే మాట్లాడడం తగ్గించుకున్నాడని సత్తమ్మ అంటుంది.

అల్లుడిని పిలిచింది మాత్రం ఆయనే. మొన్న ఫోన్ చేసి, "అల్లుడా, బుధవారం రా," అని పెట్టేశాడు.

"ఇన్నవా నీ బిడ్డ ముచ్చట?" అంది సత్తమ్మ. "బొక్కలు లేని కోడి తెచ్చింది. దాంట్ల మీగడ పోస్తదట. అల్లునికి గదే పెడ్తదట."

అంబదాస్ కోడిముక్కలు చూశాడు. మీగడ గిన్నె చూశాడు.

"నాకొద్దు," అన్నాడు.

"నిన్ను తినుమనలే బాపు," అంది నవీన. "ఆయిన తింటె సాలు."

"తినకుంటె?"

"తినకుంటె నీ ఇంట్ల ఇంకో మనిషుంటది."

అంబదాస్ తువ్వాలతో కాళ్లు తుడుచుకున్నాడు. వసారాలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. అవునని కాదు, కాదని కాదు. ఆ ఇంట్లో అది అలవాటే.

సత్తమ్మ కొంగు దులుపుకుని లేచింది. "జర శంకరవ్వ కాడికి పోయొస్త," అని బయటికి పోయింది. ఎందుకో చెప్పలేదు. నవీన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

*

గిన్నెలో వెన్న కరిగింది. నవీన ఎల్లిగడ్డ దంచి వేసింది, తర్వాత ఉల్లిగడ్డ. ముక్కలకు ఉప్పు, కారం, మిరియాల పొడి పట్టించి పెట్టుకుంది. అవి వేసి కదిలించకుండా వదిలింది. అడుగు ఎర్రబడే దాకా ఆగింది. టమాటలు వేసింది. ఘాటు లేచి వసారా దాకా పోయింది. అంబదాస్ రెండుసార్లు దగ్గాడు.

సత్తమ్మ తిరిగి వచ్చేసరికి నవీన గిన్నెలో నీళ్లు పోసి, గోధుమ గొట్టాల పొట్లం విప్పి అందులోనే వేస్తోంది.

"గదేంది, కూర ఉన్న గిన్నెలనే ఏస్తున్నవ్?"

"గట్లనే ఏస్తరు."

"కూరకో గిన్నె, బువ్వకో గిన్నె ఉండద్దా? ఇంట్ల గిన్నెల్లేవా?"

"ఒక్కటే గిన్నెల అయితది గిది. పనికి పోయొచ్చిన మనిషి అరగంటల వండుకోని తినేటట్టు."

"ఏ పనికి పోయొచ్చినవ్ నువ్వు?"

నవీన గరిటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాకింది. ఇంకొంచెం కారం వేసింది. మళ్లీ నాకింది. చిటికెడు ఉప్పు వేసింది. మళ్లీ నాకింది.

సత్తమ్మ చూస్తూనే ఉంది.

"తినకున్నా మంచిదే అనేదానివి, ఉప్పు గన్నిసార్లు ఎందుకు చూస్తున్నవే?"

"వంటన్నంక చూడద్దా?"

"కారం గూడ రెండుసార్లు ఏసినవ్."

"ఆయిన ఎక్కువ తింటడు," అని నవీన మూత పెట్టింది. పెట్టాక తను ఏమన్నదో తనకే వినపడింది కాబోలు, అటు తిరిగి కొత్మీర తుంచడం మొదలుపెట్టింది.

"నువ్వు నవ్వుకుంట పోతె నాకు సాలు బిడ్డా," అంది సత్తమ్మ మెల్లగా. "పో అని దొబ్బుతలేను."

"ఏడ్చుకుంట రాలే నేను. నవ్వుకుంట ఎందుకు పోవాలె."

"గిదీ, గిదే. మంచిగ ఒక మాటంటె ఇరిచి ఇస్తవ్."

అప్పుడే బయట ఆటో ఆగింది. ఏడు గంటలకు వస్తానన్న అల్లుడు ఆరున్నరకే వచ్చాడు.

నవీన గరిటె పెట్టేసింది. కొంగు సర్దుకుంది, మళ్లీ వదిలేసింది. "పది నిమిషాలు మూత తియ్యకు అవ్వా," అని చెప్పి బయటికి పోయింది.

మూత తియ్యకు అని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఆ నీళ్లలోకి గొట్టాల పిండి దిగుతుంది, కోడి రసం దిగుతుంది, అదే చిక్కబడుతుంది, మీగడ పడితే అదే కూర. ఇది నవీనకు తెలుసు. సత్తమ్మకు తెలిసింది బియ్యం. ఆమె నలభై ఏళ్లుగా రోజూ సాయంత్రం అన్నం గంజి వంచుతోంది. కుక్కర్ కొనిస్తానన్నా వద్దంది. మొగుడికి సాంచెల కాడి నుంచి రాగానే చెంబెడు గంజి కావాలి, ఉప్పు వేసి.

*

అరుణ్‌కుమార్ వాకిట్లో చెప్పులు విడుస్తున్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. ఇరవై రెండు రోజుల్లో కొంచెం చిక్కాడు. లేదా గడ్డం వల్ల అలా కనిపించాడు.

నవీన గుమ్మంలో నిలబడింది.

"మంచిగున్నవా?" అన్నాడు.

"ఊఁ."

"గిదిగో." సంచిలోంచి ఫోన్ చార్జర్ తీసి ఇచ్చాడు. "మరిసిపోయొచ్చినవ్."

నవీన దాన్ని తీసుకుంది. వైరు పొందికగా చుట్టి, రబ్బరు వేసి ఉంది. ఇరవై రెండు రోజులు ఇంకో చార్జర్ తోనే గడిచింది. అది చెప్పలేదు.

"గింతేనా తెచ్చింది?"

"ఇంకేం మరిసినవ్?"

నవీన అతని ముఖం చూసింది. నిజంగానే అడుగుతున్నాడు. ఆమెకు నవ్వాలో, ఆ చార్జర్ తీసి అతని మీదే వేయాలో తెలియలేదు.

"కూసో," అంది. "బాపు ఉన్నడు."

అరుణ్‌కుమార్ మామకు దండం పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. అంబదాస్ తల ఊపాడు. బస్సు ఎక్కడ మారాడో అడగలేదు. అతని దుకాణం ఎలా నడుస్తోందో అడగలేదు. ఇద్దరూ ఎదురింటి గోడను చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి సత్తమ్మ పెద్ద చెంబు తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, బస్సుల జాగ దొరికిందా?" అని అల్లుడిని పలకరించింది.

నవీన వంటింట్లోకి పోయింది. మూత తీసింది.

"అవ్వా."

సత్తమ్మ వచ్చింది.

"నీళ్లేవి?"

"ఏ నీళ్లు?"

"గిన్నెలున్న నీళ్లు."

"వంచిన."

"ఏం వంచినవ్?"

"గంజి. ఉడికినయ్ గదా. వంచకుంటె ముద్దగావా? చేసిన మేలుకు మెప్పు లేదు, గుడ్లెందుకు తేలేస్తున్నవ్?"

నవీన గిన్నెలోకి చూసింది. ఉబ్బిన గొట్టాలు, ఎండిన ముక్కలు. అడుగున చెంచాడు తడి.

"గది గంజి గాదవ్వా. గదే కూర."

"కూరైతె గంత పల్చగుంటదా?"

"చిక్కవడ్తది. అందుకే మూత తియ్యకన్న."

"తియ్యకంటివి. వంచకంటివా?"

నవీన వంటింటి గడప మీద కూర్చుంది. రెండు చేతులతో ముఖం పట్టుకుంది.

"యాడ వోసినవ్?" అంది చేతుల్లోంచి.

సత్తమ్మ వసారా వైపు చూసింది.

అక్కడ అంబదాస్ చెంబు ఎత్తి చివరి గుటక తాగాడు. మీసం తుడుచుకున్నాడు. చెంబులోకి ఒకసారి చూశాడు.

"సత్తా," అన్నాడు. "గంజి ఇయ్యాల మంచిగుంది. ఇంకున్నదా?"

వారం రోజుల్లో ఆయన అన్న అన్నిటికంటే పెద్ద మాట అది.

"బాపు తాగింది నా కాపురం," అంది నవీన.

"మెల్లగ. ఆయిన ఇంటడు," అంది సత్తమ్మ. "సగమే ఇచ్చిన. ఇగో, సగం గీ తపేలల ఉన్నది. రాత్రికి మళ్ల అడుగుతడని పెట్టిన."

నవీన ఆ తపేలా లాక్కుంది. గిన్నెలో పోసి మళ్లీ పొయ్యి ముట్టించింది. చాలలేదు. పాలు పోసింది. మీగడ వేసింది. చీజ్ ముక్క గీకి వేసింది. గరిటెతో తిప్పుతూనే ఉంది. చిక్కబడింది గానీ తను అనుకున్నట్టు రాలేదు. ఇచ్చోడలో పెరటి పాలైనదే దీనికంటే బాగుంది. దాన్ని ఎవరూ తినలేదు.

"ఇప్పుడు బాగలేకనే తినకపోతె?" అంది సత్తమ్మ. ఆమెకు అప్పుడు తట్టింది. "గంజి నేను వంచిన. దానికి నువ్వు కాపురం ఇడిసిపెడ్తవా?"

"తింటె తిన్నట్టు. తినకుంటె తిననట్టు."

"గదెక్కడి లెక్కనే? తప్పు నాదైతె శిక్ష నీకా?"

"గిన్నెల చెయ్యి పెట్టకముందు ఆలోచించేదుండె."

"నీ కడుపు సల్లగుండ. నన్ను సంపుతున్నవ్."

ఇద్దరూ పొయ్యికి చెరోపక్క నిలబడ్డారు. గిన్నె గుబగుబమంటోంది.

*

ఏడున్నరకు చాప వేశారు. అరుణ్‌కుమార్, అంబదాస్ కూర్చున్నారు. అంబదాస్ కు అన్నం, పచ్చిపులుసు. అల్లుడి పళ్లెంలో నవీన రెండు గరిటెలు వేసింది. ఇది ఏమిటని చెప్పలేదు.

అరుణ్‌కుమార్ పళ్లెం వైపు చూశాడు.

అతను చెయ్యి పెట్టబోతుండగా వాకిట్లోంచి శంకరవ్వ వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"సత్తవ్వా, ఇగో నీ నాటుకోడి తొడ. నువ్వు చెప్పినట్టే మసాల దట్టంగ ఏసి వండిన. జర ఆలస్యమైంది, ముదురు కోడి."

నవీన తల్లి వైపు చూసింది. సత్తమ్మ దూలం వైపు చూసింది.

శంకరవ్వ పళ్లెంలోకి తొంగి చూసింది. "గివేంది, తెల్ల గొట్టాలు? మా చిన్న మనుమడు వేళ్లకు పెట్టుకోని కొరుకుతడు గసొంటియి. గవి నూనెల ఏంచుతరు గదా. మీరు పాలల్ల నానవెట్టిండ్రేంది?"

"నువ్వు పో శంకరవ్వా, మళ్ల మాట్లాడుదాం," అంది సత్తమ్మ.

"పోతనే. గిన్నె రేపియ్యి. ఏం బిడ్డా, మంచిగున్నవా? మీ అవ్వ మంచిగున్నదా? తొడ తిను, ఇడవకు," అని అల్లుడికి చెప్పి శంకరవ్వ పోయింది.

సత్తమ్మ ఆగలేదు. తొడ తీసి అల్లుడి పళ్లెంలో ఒక పక్కన పెట్టింది. నవీన కళ్లలోకి చూడకుండా పెట్టింది. తొడ పెద్దది. నూనె కారుతూ, నల్లగా, ఘుమఘుమలాడుతూ ఉంది. దాని పక్కన పాస్తా కొంచెం చిన్నబోయింది.

ఇప్పుడు పళ్లెంలో రెండూ ఉన్నాయి. అతనికి ఏ సంగతీ తెలియదు. తెలిసిన ముగ్గురూ అతని చెయ్యి వైపు చూస్తున్నారు. అంబదాస్ కూడా ముద్ద కలిపి ఆగాడు.

అరుణ్‌కుమార్ చెయ్యి తొడ మీదికి పోయింది. దాన్ని పట్టుకుని కొంచెం పక్కకు జరిపాడు. పాస్తాలో వేళ్లు పెట్టాడు. రెండు గొట్టాలు, ఒక ముక్క. నోట్లో పెట్టుకున్నాడు. ఒక గొట్టం జారి పళ్లెంలో పడింది, దాన్నీ తీసుకున్నాడు.

నమిలాడు. మింగాడు. నీళ్లు తాగాడు.

"కారం మంచిగ వడ్డది," అన్నాడు.

ఇంకో పిడికెడు తిన్నాడు. తర్వాత తల వంచుకుని తింటూనే పోయాడు. పొద్దున ఇచ్చోడలో తిన్నాక ఏమీ తిన్నట్టు లేదు.

"గిది గా రోజు చేసిందేనా?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"ఔ."

"రుసి గిట్ల ఉంటదని తెల్వదు నాకు."

"ఎట్ల తెలుస్తది. పెరట్ల ఉండె గదా."

అతను పళ్లెం అంచుకు అంటిన మీగడ వేలితో తీసి నాకాడు. "జరంత ఎయ్యి," అన్నాడు.

నవీన వేసింది. గరిటె గిన్నె అంచుకు తగిలి టంగుమంది. తొడ అలాగే ఉంది. సత్తమ్మ దాన్ని చూసి మొదటిసారి బాధపడలేదు. లేచి లోపలికి పోయి, బీరువా మీది నవీన సంచి దించి, దుమ్ము దులిపి మంచం మీద పెట్టింది. ఆ చప్పుడు అందరికీ వినపడింది.

"రేపు ఆరుగంటల బస్సున్నది," అన్నాడు అరుణ్‌కుమార్. "పోదాం మరి."

నవీన గరిటె కింద పెట్టింది.

"ఊఁ," అంది.

అంబదాస్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. అరుణ్‌కుమార్ ఎడమ చేత్తో తీశాడు. జానకీబాయి ఫోన్లో మాట్లాడితే స్పీకర్ పెట్టే పని లేదు. ఇచ్చోడ నుంచి సిరిసిల్లకు గొంతుతోనే అందించాలన్నట్టు మాట్లాడుతుంది.

"బాళా, కొడుకా, చేరినవా? తిన్నవా?"

"తింటున్ననే అవ్వా."

"ఏం పెట్టిండ్రు?"

అరుణ్‌కుమార్ పళ్లెంలోకి చూశాడు.

"కోడికూర. తొడ ఏసిండ్రు."

"మంచిగైంది. గా పాలు వోసిన కోడి పెట్టలేదు గదా నీకు?"

"లేదవ్వా. గసొంటిదేం లేదు."

"పెట్టినా నువ్వు ముట్టకు."

"ముట్టలే. నేనెందుకు తింట."

"పిల్ల వస్తనన్నదా?"

"వస్తది. రేపు వస్తున్నం."

"రానీ. గా వంట మళ్ల ఇంట్ల వద్దని మంచిగ చెప్పి తోలుకరా. నేను చెప్తె చెడ్డదాన్నైత."

"చెప్త. పెట్టేయ్యి."

ఫోన్ చాప మీద పెట్టాడు. కుడిచేతి వేళ్లకు మీగడ అంటుకుని ఉంది. దాన్ని నాకబోయి ఆగాడు. ఎవరూ తినడం లేదు. గోడ అవతల సాంచెలు టకటకమంటున్నాయి.

"గట్లెందుకు చెప్పినవ్?" అంది నవీన. గొంతు పెంచలేదు.

"ఏం?"

"తినలే అన్నవ్."

"ఊరికెనే. ఆమెకెందుకు పరేషాన్. ఎట్లాగు రేపు పోతున్నం. నువ్వు గూడ గాడికి వోయినంక గదే చెప్పు. కోడికూర పెట్టినం అను. అయిపాయె."

"నేను గూడ చెప్పాలె."

"చెప్తె ఏం పోతది? మా అవ్వతోని దినాం ఉండేది నేను. ఒక్క మాటంటె పది దినాలు మొకం తిప్పుకుంటది. దుకాణంల గిరాకీ ముంగట గూడ మాట్లాడది. ఒక్క అబద్ధంతోని ఇల్లు సల్లగుంటదంటె ఉండనియ్యరాదు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"ఇయ్యాల తిన్నదానికొకటి. రేపు తాగినదానికి. ఎల్లుండి కట్టుకున్నదానికి. ఎన్నేండ్లు చెప్పాలె? జర లెక్క చెప్పు, ఇని వస్త."

సత్తమ్మ లోపలి నుంచి పరుగున వచ్చింది. "మళ్లేంది? తిన్నడు గదా. నా కండ్లతోని చూసిన. తింటె పోతనన్నవ్. మాటంటె మాటే. ఇంక ఏం పెంటవెట్టకు."

"ఏం మాట?" అన్నాడు అరుణ్‌కుమార్.

సత్తమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆలస్యమైంది.

నవీనే చెప్పింది. దాచలేదు. "నువ్వు గీ వంట తింటె నీ ఎంబడి వస్తనన్న. తినకుంటె రానన్న. నీకు చెప్పద్దన్న."

అరుణ్‌కుమార్ ముఖం తేటపడింది. "మరి తిన్న గదా. రెండుసార్లు ఏయించుకున్న. నీకేం కావాలె ఇంక?"

"తిన్నవా?"

"గిదేం ముచ్చట. నీ ముంగట్నే తిన్న."

"అవ్వా, నువ్వు గూడ ఇన్నవ్," అంది నవీన. "బాపు, నువ్వు గూడ ఇన్నవ్. ముట్టలే, నేనెందుకు తింట, అన్నడు. ఏది నమ్మాలె నేను? ఆయిన చెయ్యినా, ఆయిన నోరా?"

సత్తమ్మ అటు తిరిగింది. "ఏమయ్యా, నువ్వన్న చెప్పు," అంది మొగుడితో. "గీ పిల్ల నాతోని గాదు."

అంబదాస్ పళ్లెంలోనే చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. బిడ్డను పంపడానికే ఆయన అల్లుడిని పిలిచాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పాలు పోసిన కోడి తనకు వద్దని సాయంత్రమే చెప్పాడు. అదీ అందరికీ తెలుసు.

"అల్లుడా," అన్నాడు. "ముద్ద ఇంకా నీ గొంతుల్నే ఉన్నది. మా ఇంట్ల కూసోనే కాదన్నవు. రేపు మా పిల్లను గూడ గట్లనే అంటవేమో అని నాకు భయమైతుంది."

అంతే అన్నాడు. గోడకు ఆనుకున్నాడు.

అరుణ్‌కుమార్ మామ నోట ఎప్పుడూ ఇన్ని మాటలు వినలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "గంత పెద్ద మాటెందుకు మామా," అన్నాడు. పళ్లెం కొంచెం ముందుకు నెట్టాడు.

నవీన వంగి చాప మీది ఫోన్ తీసింది. కొంగుతో అద్దం తుడిచి అతని ముందు పెట్టింది.

"మళ్ల చెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. తిన్న అను. గంతే. నా పక్కన మాట్లాడుమంటలే. మీ అవ్వను ఏమనుమంటలే. తిన్న అను. ఆరుగంటల బస్సుకు ఐదుకే లేస్త."

"రేపు ఇంటికి వోయినంక మెల్లగ చెప్త నవీనా. ఒట్టు."

"సంచి సర్దాల్నా, వద్దా? గది తెల్వాలె నాకు."

అరుణ్‌కుమార్ ఫోన్ తీసుకున్నాడు. లేచి వాకిట్లోకి పోదామన్నట్టు గుమ్మం వైపు చూశాడు. నవీన గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడు పోయి నిలబడిందో.

కూర్చున్నచోటే నొక్కాడు. అటు రెండుసార్లు మోగింది.

"ఏం బాళా, మళ్ల చేసినవ్? ఏమైంది?"

"అవ్వా," అన్నాడు.

"ఆఁ. చెప్పు."

అతను నవీన వైపు చూశాడు. ఆమె చూడటం లేదు. గుమ్మం పక్క గూట్లో పెట్టిన చార్జర్ తీసి, వైరు రబ్బరు విప్పి, చేతికి చుట్టుకుంటూ, నేల వైపు చూస్తోంది.

"అవ్వా, ఇందాక నేను..." అన్నాడు.

"ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పు."